చిన్న మట్టి కట్ట: స్థలం చూడటం దగ్గర్నుంచి గండి పడకుండా కాచుకోవడం దాకా

మట్టి కట్టను నీళ్లు తోసి పడగొట్టలేవు. 6 మీటర్ల ఎత్తున్న కట్టకు అడుగున 33 మీటర్ల దాకా వెడల్పు వస్తుంది. అంత మట్టి బరువు ముందు నీటి తోపుడు చాలా తక్కువ. అయినా కట్టలు తెగుతూనే ఉన్నాయి. చాలావరకు గండ్లకు మూలం రెండింటిలో ఒకటి: నీళ్లు కట్ట నెత్తి మీదుగా పొర్లడం, లేదా కట్ట లోపల సన్న దారి చేసుకుని మట్టి రేణువులను కొంచెం కొంచెంగా మోసుకుపోవడం. వాలు జారిపోవడం మూడోది.

అందుకని కట్ట ఎంత ఎత్తు కట్టాలన్న మాట కన్నా ముందు రెండు సంగతులు తేల్చుకోవాలి. మిగులు వరద ఎటు పోతుంది? కట్ట కిందుగా పోయే గొట్టం చుట్టూ మట్టిని ఎవరు, ఎలా దిమ్మిస చేస్తారు? డబ్బు చాలకపోతే కట్ట ఎత్తు తగ్గించండి. అలుగు వెడల్పు మాత్రం తగ్గించకండి.

ఇక్కడి కొలతలు 6 మీటర్లలోపు ఎత్తు, 100 హెక్టార్ల చుట్టుపక్కల పరీవాహక ప్రాంతం ఉన్న కట్టలకు సరిపోతాయి. అంతకు మించినా, కట్ట దిగువన ఇళ్లో బడో రోడ్డో ఉన్నా, డిజైన్ ఇంజనీరు చేతే చేయించాలి. వాగుకు అడ్డంగా ఏది కట్టినా నీటిపారుదల అధికారుల అనుమతి, దిగువన ఆ నీటి మీద ఆధారపడిన వాళ్ల సమ్మతి ముందే తీసుకోవాలి.

స్థలం, నిల్వ లెక్క

వాగు రెండు దిబ్బల మధ్య ఇరుకుగా మారే చోటు, దానికి ఎగువన నేల వెడల్పుగా, దాదాపు చదునుగా ఉన్న చోటు కావాలి. ఇరుకు వల్ల మట్టి పని తగ్గుతుంది, చదును వల్ల నీళ్లు ఎక్కువ దూరం వెనక్కి నిలుస్తాయి. దిబ్బల్లో పగుళ్లు వారిన రాయి, గులకరాళ్ల పొర, ఎండాకాలంలో కూడా పచ్చగా ఉండే చెమ్మ మచ్చలు కనిపిస్తే అక్కడ గుంతలు తీసి చూడకుండా ముందుకు పోకండి. చెదపుట్టలు ఉంటే వాటి గదులు అడుగున ఎంత లోతుకు పోయాయో అంతా తవ్వి, మంచి మట్టితో పొరలు పొరలుగా పూడ్చాలి.

డంపీ లెవెల్‌తో (నేల ఎత్తుపల్లాలు కొలిచే దుర్భిణి పరికరం) గానీ నీటి గొట్టం లెవెల్‌తో గానీ నిండు నీటిమట్టాన్ని చుట్టూ మేకులతో గుర్తించండి. అప్పుడు మూడు కొలతలు దొరుకుతాయి: నిండు మట్టం దగ్గర కట్ట పొడవు, నీళ్లు వెనక్కి నిలిచే దూరం, కట్ట దగ్గర గరిష్ఠ లోతు. ఈ మూడింటినీ గుణించి 6తో భాగిస్తే నిల్వ ఎంతో సుమారుగా తెలుస్తుంది. పొడవు 80 మీటర్లు, వెనక్కి నిలిచే దూరం 300 మీటర్లు, లోతు 5 మీటర్లు అయితే నిల్వ 20,000 ఘనపు మీటర్లు, అంటే 2 కోట్ల లీటర్లు. ఇది స్థలాలను పోల్చుకోవడానికే. ఖాయం చేసుకున్న స్థలానికి కాంటూరు సర్వే, అంటే ఒకే ఎత్తున్న చోట్లను గీతలుగా గుర్తించే కొలత, తప్పదు.

మట్టి లెక్కకు ఇంకో సూత్రం ఉంది. కట్ట నెత్తి వెడల్పును రెట్టింపు చేయండి. కట్ట ఎత్తును రెండు వాలుల మొత్తంతో గుణించి దానికి కలపండి. వచ్చినదాన్ని ఎత్తుతో, నెత్తి పొడవుతో, 0.216తో గుణించండి. మన కట్ట ఎత్తు 6 మీటర్లు, నెత్తి పొడవు 90 మీటర్లు, నెత్తి వెడల్పు 3.5 మీటర్లు, వాలులు 3, 2 (మీటరు ఎత్తుకు ఎగువన 3 మీటర్లు, దిగువన 2 మీటర్లు అడ్డంగా) అనుకుంటే దాదాపు 4,300 ఘనపు మీటర్లు వస్తుంది. ఇది బాగా కుదించిన తరవాతి మట్టి. లారీలో వదులుగా వచ్చే మట్టి ఇంతకంటే పావు వంతు ఎక్కువే పడుతుంది. పునాది కందకం నింపడానికి పట్టేది వేరు. ఘనపు మీటరు మట్టికి నాలుగున్నర ఘనపు మీటర్లకు పైగా నీళ్లు నిలుస్తున్నాయంటే స్థలం మంచిదే. రెండుకు తగ్గితే కట్ట కన్నా తవ్విన కుంట మేలు కావచ్చు.

అలుగు ముందు, కట్ట తరవాత

100 హెక్టార్ల పరీవాహకం మీద ఏడాదికి 800 మిల్లీమీటర్ల వాన పడి, అందులో పదో వంతు పారిందనుకుందాం. 80,000 ఘనపు మీటర్లు వస్తాయి. మన చెరువు పట్టేది 20,000. అంటే నాలుగు చెరువుల నీళ్లలో మూడు చెరువులవి అలుగు మీదుగానే పోవాలి. అలుగు ఎప్పుడో పదేళ్లకోసారి పనికొచ్చే ఏర్పాటు కాదని ఈ లెక్కతోనే తేలుతుంది.

వరద ఉధృతికి మామూలుగా వాడే లెక్క ఇది: పారుదల గుణకాన్ని, గంటకు మిల్లీమీటర్లలో వాన తీవ్రతను, హెక్టార్లలో పరీవాహకాన్ని గుణించి 360తో భాగించాలి. పెద్ద వానలో సగం పారే నేల (గుణకం 0.5), గంటకు 80 మిల్లీమీటర్ల వాన, 100 హెక్టార్లు అయితే సెకనుకు 11 ఘనపు మీటర్లు. వాన తీవ్రతకు మీ ప్రాంతపు వాతావరణ శాఖ లెక్కలే తీసుకోండి. వాగు ఒడ్డు చెట్లకు చిక్కుకున్న చెత్త ఎంత ఎత్తున ఉందో, పాత కల్వర్టు ఎప్పుడైనా మునిగిందో కూడా చూడండి. కాగితం మీది అంకె వాటికి సరిపడకపోతే పెద్ద అంకెనే పట్టుకోండి.

అలుగులో నీళ్లు దాటే అంచును గడప అంటారు. వెడల్పాటి చదును గడప మీద అర మీటరు లోతున నీళ్లు పొర్లితే, మీటరు వెడల్పుకు సెకనుకు 0.6 ఘనపు మీటర్లు పోతాయి. 11 ఘనపు మీటర్లకు పద్దెనిమిదిన్నర మీటర్లు కావాలి. 20 మీటర్లు పెట్టండి. అలుగు ఎంత వెడల్పయితే నీళ్లు అంత పలచగా, అంత నెమ్మదిగా పోతాయి. ఈ లోతుకు గడప దగ్గర వేగం సెకనుకు 1.8 మీటర్లు ఉంటుంది. గట్టి నేల మీద దట్టంగా పట్టిన గడ్డి దాన్ని తట్టుకుంటుంది. ఇదే వరదను 8 మీటర్లలో పోనిస్తే లోతు, వేగం రెండూ పెరిగి గడ్డి లేచిపోతుంది, తరవాత నేల కోసుకుపోతుంది.

అలుగు కట్ట మీద ఉండకూడదు. కట్ట చివరన, కదిలించని సహజ నేలలో తవ్వాలి. గడప మట్టం చెదరకుండా 30 సెంటీమీటర్ల వెడల్పు, 60 సెంటీమీటర్ల లోతున అడ్డంగా కాంక్రీటు పట్టీ పోయండి. ఆ పట్టీ పొడవునా మట్టం ఒకేలా ఉండాలి. ఒక మూల 5 సెంటీమీటర్లు పల్లమైనా నీళ్లన్నీ అక్కడికే చేరి అక్కడే కోత మొదలవుతుంది. అలుగు నీళ్లు దిగే కాలువ కట్ట పాదానికి దూరంగా, మెల్లని వాలులో తిరిగి వాగులో కలవాలి.

గడప నుంచి కట్ట నెత్తికి 1 మీటరు తేడా ఉంచాం: అర మీటరు వరద లోతుకు, మిగతా అర మీటరు అలలకు, అనుకోని దానికి. నీళ్లు ఇంకొంచెం నిలుస్తాయని అలుగు మీద ఇసుక బస్తాలు పేర్చడం చాలాచోట్ల అలవాటు. అర మీటరు బస్తాలు వేస్తే వరద వచ్చినప్పుడు నీళ్లు కట్ట నెత్తికి అంటుకుంటాయి, ఒక చిన్న అల చాలు. చేపలు పోకుండా అలుగుకు వల కట్టడమూ అంతే. అమెరికాలో పెన్సిల్వేనియాలోని సౌత్‌ఫోర్క్ మట్టి కట్టకు అడుగున ఉన్న ఇనుప గొట్టాలు తీసేశారు, బండ్ల దారి కోసం నెత్తిని తగ్గించారు, అలుగుకు చేపల జాలీలు బిగించారు. 1889 మే 31న పెద్ద వాన కురిసింది. జాలీలకు చెత్త చిక్కింది, కట్ట పొర్లి తెగింది, దిగువన జాన్స్‌టౌన్ పట్టణంలో 2,200 మందికి పైగా చనిపోయారు. గుజరాత్‌లో 1979 ఆగస్టు 11న మచ్ఛు-2 డ్యామ్‌ను, లెక్కగట్టిన దానికంటే ఎంతో పెద్ద వరద ముంచింది. మధ్యలో గేట్లున్న కట్టడం నిలిచింది, రెండు పక్కల మట్టి కట్టలు తెగి మోర్బీ మునిగింది.

మట్టి

మొత్తం ఒకే రకం మట్టితో కట్టే చిన్న కట్టకు బంక శాతం 20 నుంచి 30 దాకా, మిగతాది ఇసుక, ఒండ్రు, సన్న గులక కలిసి ఉంటే బాగుంటుంది. బంక మరీ ఎక్కువున్న నల్లరేగడి ఎండితే చీలుతుంది, తడిస్తే ఉబ్బుతుంది, వాలు నిలబెట్టడం కష్టం. అది తప్ప వేరే దారి లేకపోతే కట్ట నడుమ మాత్రమే వాడి, పైన ఎర్రమట్టి లేదా గరప మట్టితో కప్పండి.

పొలం దగ్గరే చేయగల పరీక్షలు కొన్ని ఉన్నాయి. గాజు సీసాలో మూడో వంతు మట్టి, మిగతా నీళ్లు పోసి బాగా కుదిపి నిలబెట్టండి. ఇసుక నిమిషంలోపే అడుగుకు చేరుతుంది, ఒండ్రు కొన్ని గంటల్లో, బంక మర్నాటికి. పొరల మందం కొలిస్తే పాళ్లు తెలుస్తాయి. తడి మట్టిని అరచేతుల మధ్య 3 మిల్లీమీటర్ల పురిలా పేనండి. విరగకుండా నిలిస్తే బంక ఉన్నట్టే. మట్టి తీసే చోట నడుము లోతు గుంత తవ్వి పొద్దున నీళ్లు నింపండి, సాయంత్రం మళ్లీ నింపండి, మర్నాడు పొద్దున చూడండి. ఎక్కువ భాగం నీళ్లు అలాగే ఉంటే ఆ మట్టి నీళ్లను పట్టేదే.

వీటన్నిటికన్నా ముఖ్యమైన పరీక్షకు పట్టేది ఒక గాజు గ్లాసు, కొంచెం వాన నీళ్లు. వేలి గోరంత ఎండు మట్టిపెళ్ల నీళ్లలో మెల్లగా వదలండి, కదపకండి. పెళ్ల విడిపోయి అడుగున కుప్పగా పడితే ఫరవాలేదు. దాని చుట్టూ పాలు కలిపినట్టు మబ్బు లేచి, గంట గడిచినా నీళ్లు తేరుకోకపోతే అది కరిగిపోయే మట్టి. సోడియం ఎక్కువుండటం వల్ల బంక రేణువులు ఒకదాన్నొకటి వదిలేస్తాయి. అలాంటి మట్టిలో వెంట్రుకంత చీలిక చాలు, నీళ్లు దాన్ని బుంగగా చేస్తాయి. వీలైతే ఆ గుంత వదిలేసి వేరే చోట మట్టి చూడండి. జిప్సం గానీ సున్నం గానీ కలిపి బాగు చేయవచ్చు, కానీ పాళ్లు ప్రయోగశాల చెప్పాలి, కలపడం పొరంతా సమానంగా జరగాలి.

మట్టిని చెరువు లోపలి నుంచే తీస్తే నిల్వ కూడా పెరుగుతుంది. కట్ట పాదం నుంచి ఎత్తుకు 5 రెట్ల దూరం, అంటే 30 మీటర్లు, వదిలి తవ్వండి. నీళ్లను ఆపుతున్న బంక పొరను తవ్వుకుపోతే చెరువు అడుగు కారుతుంది. ఆ పొర మీద కనీసం అర మీటరు మిగిలేలా చూడండి.

పునాది కందకం

కట్ట కూర్చునే మేరంతా చెట్లు, మొదళ్లు, వేర్లు తీసేసి, పైమట్టి 15 నుంచి 30 సెంటీమీటర్లు గీకి పక్కన పోసుకోండి. చివర్లో గడ్డి పట్టించడానికి అదే పనికొస్తుంది. తరవాత కట్ట నడుమ గీత వెంబడి కందకం తీయాలి. ఎంత లోతు? నీళ్లు దాటని గట్టి బంక లేదా చెదరని రాయి తగిలేదాకా, తగిలాక ఇంకో 60 సెంటీమీటర్లు. అడుగు వెడల్పు రోలర్ తిరిగేటంత, అంటే 2.5 నుంచి 3 మీటర్లు. పక్కలు నిటారుగా వద్దు. మీటరు లోతుకు మీటరు వాలు ఇస్తే నింపిన మట్టి కుంగేటప్పుడు పక్కల నుంచి విడిపోదు. కందకం వాగు మధ్యలోనే ఆగిపోకూడదు, రెండు దిబ్బల్లోకీ నిండు నీటిమట్టం దాకా ఎక్కాలి.

వాగు పాత గర్భంలో ఇసుక పొర ఉంటుంది. దాన్ని పూర్తిగా కోయకుండా కట్ట వేస్తే పైన ఎంత బాగా కుదించినా నీళ్లు కిందుగా పోతాయి. కందకంలో ఊరే నీటిని తోడేసి, బురద తీసి, ఆరిన అడుగు మీదే మొదటి పొర వేయండి. అడుగున రాయి వస్తే పగుళ్లన్నీ సిమెంటు గారతో పూడ్చండి. అమెరికాలో ఐడహో రాష్ట్రంలోని టీటన్ డ్యామ్ 93 మీటర్ల కట్ట. మొదటిసారి నింపుతున్నప్పుడు, పగుళ్ల రాతిలో తవ్విన కందకం దగ్గర మట్టి కోసుకుపోయింది. 1976 జూన్ 5 ఉదయం బురద ఊట కనిపించింది, మధ్యాహ్నం 12 కాకుండానే కట్ట తెగింది. మన కట్ట దానిలో పదిహేనో వంతు. నీళ్లు పని చేసే తీరు మాత్రం అదే.

తూము గొట్టం

చిన్న కట్టల్లో బుంగ మొదలయ్యే చోటు చాలాసార్లు ఇదే. కారణం సులువు: గొట్టం గుండ్రంగా ఉంటుంది, దాని పొట్ట కింద రోలర్ చేరదు, అక్కడ మట్టి వదులుగా మిగులుతుంది. నీళ్లు ఆ వదులు దారినే పట్టుకుంటాయి.

గొట్టాన్ని కట్ట మట్టిలో కాకుండా కింది సహజ నేలలో తవ్విన కాలువలో పరవండి, కుంగదు. కింద సగం వ్యాసం దాకా కాంక్రీటు పోస్తే పొట్ట కింద ఖాళీ ఉండదు. పూడ్చే ముందు రెండు కొసలూ మూసి నీళ్లు నింపి, ఒక రోజు ఉంచి, ప్రతి జాయింటూ చూడండి. పూడ్చాక జాయింటు కారితే కట్టను తవ్వడం తప్ప మార్గం లేదు. రెండు పక్కలా మట్టిని 10 సెంటీమీటర్ల పొరలుగా చేతి దిమ్మిసతో, రెండు వైపులా ఒకే ఎత్తున లేపుకుంటూ కొట్టండి. గొట్టం మీద 60 సెంటీమీటర్ల మట్టి కుదిరేదాకా యంత్రం ఎక్కకూడదు.

వాల్వు ఎగువ కొసన పెట్టండి. దిగువన పెడితే కట్ట లోపలున్న గొట్టమంతా ఎప్పుడూ ఒత్తిడిలో ఉంటుంది, చిన్న చిల్లు కూడా కట్టలోకి చిమ్ముతుంది. నీళ్లు తీసుకునే మూతికి జాలీ బిగించి, అడుగు మట్టానికి అర మీటరు నుంచి మీటరు పైన ఉంచితే పూడిక లోపలికి పోదు.

గొట్టం చుట్టూ కాంక్రీటు చక్రాలు పోయడం పాత పద్ధతి. వాటి పక్కన కూడా మట్టి సరిగ్గా కుదరదు. అందుకే ఇప్పుడు దిగువ మూడో వంతులో గొట్టాన్ని చుట్టి మీటరు మందాన శుభ్రమైన ఇసుక గోడ వేస్తారు. చుట్టూ గొట్టం వ్యాసానికి 3 రెట్ల దూరం ఆ ఇసుక ఉండాలి. నీళ్లు వచ్చినా ఇసుక గుండా బయటికి పోతాయి, మట్టి రేణువులు ఇసుక దగ్గరే ఆగిపోతాయి. ఆ ఇసుకకు కట్ట పాదం దాకా దారి ఉండాలి.

పొరలు, తడి, రోలింగ్

మట్టిని ఎంత తడితో కుదిస్తే ఎక్కువ గట్టిపడుతుందో కొలిచే పరీక్షను లాస్ ఏంజెలిస్ ఇంజనీరు ప్రాక్టర్ 1933లో ప్రచురించారు. నేటికీ కొలమానం అదే. ప్రయోగశాల చెప్పిన గరిష్ఠ పొడి సాంద్రతలో 95 శాతం పొలంలో రావాలి.

ఒక్కో పొర వదులుగా 15 సెంటీమీటర్లు, 20 మించకూడదు. పిడికెడు మట్టి గట్టిగా పిసికితే ఉండ కట్టాలి, అరచేతికి తడి అంటకూడదు. నడుము ఎత్తు నుంచి వదిలితే నాలుగైదు ముక్కలవ్వాలి. పొడిపొడిగా రాలితే నీళ్లు చాలలేదు, అప్పంలా అణిగితే ఎక్కువయ్యాయి. నీళ్లు మట్టి తవ్వే చోటే ముందు రోజు చల్లితే లోపలిదాకా సమంగా పడుతుంది. కట్ట మీద ట్యాంకరుతో చల్లితే పైపైనే తడుస్తుంది.

బంక మట్టికి గొర్రెపాదాల రోలర్ కావాలి, 6 నుంచి 8 సార్లు తిరగాలి. మొదట్లో పాదాలు లోతుగా దిగుతాయి, కుదురుకున్న కొద్దీ రోలర్ పైకి తేలుతుంది. ఎనిమిదోసారికి కూడా తేలకపోతే తడి ఎక్కువైనట్టు. బుల్డోజరును అటూ ఇటూ తిప్పి కుదించామనుకోవడం పెద్ద పొరపాటు. మెత్తటి నేలలో దిగబడకూడదనే దాని పట్టాలు బరువును పరిచేలా చేస్తారు, కాబట్టి కుదింపు తక్కువ. పొరకూ పొరకూ మధ్య పైభాగం నున్నగా ఉంటే గీకి, తడిపి, ఆ తరవాతే కొత్తది వేయండి. రాత్రి వాన పడితే ఆ బురద తీసేయాలి. రెండు రోజులు పని ఆగి పైపొర చీలితే ఆ చీలినంత తీసేయాలి.

పరీక్ష ఇలా: కోర్ కట్టర్‌ను (పొరలోకి దించి మట్టి నమూనా తీసే ఉక్కు గొట్టం) తీసుకోండి. దాని లోపలి ఘనపరిమాణం దాదాపు 1,021 ఘనపు సెంటీమీటర్లు. అందులో వచ్చిన తడి మట్టి 2.02 కిలోలు తూగి, తడి 15 శాతం ఉంటే పొడి సాంద్రత ఘనపు సెంటీమీటరుకు 1.72 గ్రాములు. ప్రయోగశాల గరిష్ఠం 1.80 అయితే దానిలో 95 శాతం 1.71. ఆ పొర నెగ్గింది. గొట్టం పక్కన, దిబ్బలకు ఆనే చోట ఎక్కువసార్లు చూడండి. మధ్యలో ఎలాగూ బాగానే వస్తుంది.

వాలులు, వడపోత, కప్పు

ఎగువ వాలు 1కి 3, దిగువ వాలు 1కి 2. ఎగువ వాలు ఇంకా మెల్లగా ఎందుకంటే, చెరువు వేగంగా ఖాళీ అయినప్పుడు లోపలి నీళ్లు బయటికి రాలేక మట్టి బరువుగా మిగిలి జారుతుంది. అదే కారణాన నిత్య వాడకంలో రోజుకు 30 సెంటీమీటర్లకు మించి మట్టం దించకండి.

ఎంత బాగా కట్టినా కొంత ఊట ఉంటుంది. అది దిగువ వాలు మీద తేలకుండా, పాదం దగ్గర రాళ్ల గట్టులోంచి పోవాలి. గట్టు ఎత్తు కట్ట ఎత్తులో మూడో వంతు చాలు. మట్టికి రాళ్లు నేరుగా తగలకూడదు: మట్టి, ఇసుక, గులక, రాళ్లు, ఇదీ వరస. ఇసుకలో సన్న రేణువులు 5 శాతం దాటకూడదు.

కట్ట బాగా కుదించినా ఎత్తులో 5 శాతం దాకా కుంగుతుంది. 6 మీటర్లకు 30 సెంటీమీటర్లు నడుమ ఎక్కువ పోసి, చివర్లకు తగ్గించుకుంటూ రండి. ఇలా చేయని కట్ట రెండేళ్లకు నడుమ పల్లమవుతుంది; వరద పొర్లితే ఆ పల్లంలోనే, అంటే అడుగు నుంచి కట్ట ఎత్తు అన్నిటికన్నా ఎక్కువున్న చోటే పొర్లుతుంది. నెత్తిని ఎగువ వైపు కొద్దిగా వాలుగా ఉంచితే వాన నీళ్లు దిగువ వాలును కోయవు. ఎగువన 15 సెంటీమీటర్ల గులక మీద 30 సెంటీమీటర్ల రాతి పరుపు, దిగువన పక్కన పెట్టుకున్న పైమట్టి, దాని మీద పాకే గడ్డి. చెట్లు ఒక్కటీ వద్దు. చెట్టు బతికున్నన్నాళ్లూ బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, చచ్చాక వేరు కుళ్లి గొట్టమవుతుంది.

మొదటి నింపు

కొత్త కట్టకు మొదటి నిండుదలే గడ్డుకాలం. వాల్వు తిరుగుతోందో లేదో నీళ్లు రాకముందే చూసుకోండి. మట్టం రోజుకు 30 సెంటీమీటర్ల కన్నా వేగంగా పెరుగుతుంటే వాల్వు తెరిచి ఉంచండి. ఆ రోజుల్లో పాదం వెంబడి పొద్దున, సాయంత్రం నడవాలి. ఊట వచ్చే చోట 10 లీటర్ల బకెట్ పెట్టి ఎన్ని సెకన్లలో నిండిందో, చెరువు మట్టం ఎంతుందో పక్కపక్కనే రాయండి. మట్టంతో పాటు ఊట పెరగడం సహజం. మట్టం నిలకడగా ఉన్నా ఊట పెరుగుతుంటే, లేదా గాజు గ్లాసులో పట్టిన ఊట నీళ్ల అడుగున మడ్డి పేరుకుంటుంటే, లోపల మట్టి కదులుతోంది.

నీళ్ల పద్దు

20,000 ఘనపు మీటర్లు నిలిచాయి కదా అని అన్నీ పంటకు రావు. నాలుగు నెలల ఎండకాలాన్ని తీసుకోండి. రోజుకు 6 మిల్లీమీటర్లు ఆవిరైతే 120 రోజులకు 72 సెంటీమీటర్లు. నీటి విస్తీర్ణం నిండినప్పుడు 12,000 చదరపు మీటర్లున్నా తగ్గుతూ వస్తుంది కాబట్టి సగటున 8,000 అనుకుంటే, ఆవిరి 5,760 ఘనపు మీటర్లు. ఇంకుడు రోజుకు 2 మిల్లీమీటర్ల చొప్పున 1,920. తూము మూతి కింద మిగిలేది 1,000. చేతికొచ్చేది 11,300 చిల్లర. పంటకు కాలువ నష్టాలతో కలిపి 50 సెంటీమీటర్ల తడి కావాలంటే హెక్టారుకు 5,000 ఘనపు మీటర్లు. 2 హెక్టార్లు పండుతాయి, కొంచెం పశువులకు మిగులుతుంది. మూడో హెక్టారుకు ఆశపడి నాట్లు వేస్తే మూడూ చివరి తడికి ఎండుతాయి.

ఇంకిన నీళ్లను పూర్తిగా నష్టంలో రాయనక్కర్లేదు. దిగువ బావుల్లో కొంత తేలుతుంది. ఆవిరి మాత్రం ఎవరికీ దక్కదు, అందుకే ఒకే నిల్వకు వెడల్పు చెరువు కన్నా లోతు చెరువు మేలు. నీళ్లు వాడుకోవలసి ఉంటే ముందుగానే వాడుకుని, చివరి రెండు మీటర్లు పశువులకు, తాగుకు ఉంచుకోవడం మంచిది.

పూడిక ఈ పద్దును ఏటా తింటుంది. పరీవాహకంలో వాగు పాయలకు రాతి అడ్డుకట్టలు, చెరువు నోట 10 మీటర్ల వెడల్పున దట్టమైన గడ్డి పట్టీ ఉంటే చాలావరకు అక్కడే ఆగుతుంది. చెరువు ఎండినప్పుడు పూడిక తీస్తే పొలానికి మంచిదే, కానీ కట్ట పాదం దగ్గర గీకకండి.

ఏడాది పొడుగునా

వారానికోసారి, పెద్ద వాన పడిన ప్రతిసారీ, నెత్తి మీద ఒకసారి, దిగువ పాదం వెంబడి ఒకసారి నడవాలి. గడ్డి చీలమండ ఎత్తుకు కోసి ఉంచితేనే ఏదైనా కనిపిస్తుంది. నెత్తి మీద కట్ట పొడవునా వచ్చే చీలిక ఎండకో కుంగుదలకో కావచ్చు. దాని కొసలు విల్లులా వంగి వాలు వైపు దిగుతుంటే జారుడు మొదలైంది. కట్టకు అడ్డంగా, ఎగువ నుంచి దిగువకు పోయే చీలిక అన్నిటికన్నా ప్రమాదం, అది నీటికి నేరు దారి. దాన్ని అడుగు దాకా తవ్వి, తడిపి, పొరలుగా దిమ్మిస కొట్టి పూడ్చాలి. పైన నాలుగు పారల మట్టి వేసి తొక్కితే చీలిక కనిపించకుండా పోతుందే గానీ మానదు.

ఎలుకలు, పందికొక్కులు, ఎండ్రకాయలు చేసిన బొరియలు కూడా అలాగే తవ్వి పూడ్చండి. పశువులు రోజూ ఒకే చోట ఎక్కి దిగితే అక్కడ పల్లపు బాట పడుతుంది. వాటికి పక్కన వేరే దారి, నీళ్ల తొట్టి పెట్టండి. వాల్వును నెలకోసారి పూర్తిగా తెరిచి మూయండి. వానాకాలానికి ముందు అలుగు నుంచి చెట్లు, కంప, బస్తాలు అన్నీ తీసేయండి.

ప్రమాదం ముంచుకొస్తే

పాదం దగ్గర నీళ్లు బుడబుడమని ఇసుకతో పైకి ఉబుకుతుంటే, లేదా బురద ఊట కనిపిస్తే, మొదట దిగువ వాళ్లను గట్టు ఎక్కించండి, అధికారులకు చెప్పండి, వాల్వు పూర్తిగా తెరవండి. రోజుకు 30 సెంటీమీటర్ల నియమం ఈ పరిస్థితికి వర్తించదు.

ఆ బుంగను దిగువ నుంచి బంక మట్టితో మూయకూడదు. మూస్తే నీళ్లు లోపల ఒత్తిడి పెంచుకుని పక్కన ఇంకో చోట బయటపడతాయి. దాని మీద ముందు ముతక ఇసుక, తరవాత గులక, ఆ పైన రాళ్లు పోయండి. నీళ్లు రావాలి, మట్టి రాకూడదు. ఉబుకుడు చుట్టూ ఇసుక బస్తాలతో గుండ్రటి గోడ కట్టి, లోపల నీటిమట్టం కొంత లేచేలా చేస్తే కింది నుంచి వచ్చే ఉధృతి తగ్గుతుంది. ఎగువన సుడిగుండం కనిపిస్తే బుంగ మూతి అక్కడే ఉంది. గడ్డి మోపులు, టార్పాలిన్, వాటి మీద మట్టి బస్తాలు ఒడ్డు నుంచే వేయాలి. సుడి దగ్గరికి ఎవరూ నీళ్లలో దిగకూడదు.

నీళ్లు నెత్తికి చేరువవుతుంటే పల్లంగా ఉన్న చోట్ల బస్తాలు పేర్చి నెత్తిని సమం చేయండి. ఇంకా పెరుగుతుంటే అలుగుకు అవతలి పక్క, కట్టకు దూరంగా, సహజ నేలలో జేసీబీతో అలుగును వెడల్పు చేయండి. కట్టను ఎక్కడా కొట్టకండి. కొట్టిన చోట ధార నిమిషాల్లో అడుగు దాకా కోస్తుంది, ఆ తరవాత దాన్ని ఆపడం ఎవరి తరమూ కాదు. దిగువ వాలు మీదుగా నీళ్లు పారడం మొదలైతే కట్ట మీదున్న వాళ్లందరూ మధ్య వైపు కాకుండా దగ్గరున్న దిబ్బ వైపు వెంటనే వచ్చేయాలి, యంత్రాన్ని అక్కడే వదిలేసి.